మూడు తాళాల పిస్తోలు

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను రాయబోయేది మా ఇంట్లో మూడున్నరేళ్ళు ఉన్న ఒక పిస్తోలు గురించి. లైసెన్సు ఉన్నదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే అయినా, దానికంటే శుభ్రమైన వస్తువు మా ఇంట్లో ఇంకోటి ఉండేది కాదు. దాన్ని నాకు అమ్మిన పెద్దాయన లాంటి మనిషిని కూడా నేను మళ్ళీ చూడలేదు.

మాది పాల్మాకుల దగ్గర ఒక పల్లె. నాన్న పోయాక నాలుగెకరాలను అన్నా నేనూ చెరి రెండు పంచుకున్నాం. 2008లో శంషాబాదుకు విమానాలు రావడం మొదలయ్యాక మా చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికో పోయాయి. అన్న వ్యవసాయం వదల్లేదు. నేను వదిలేసి ప్లాట్లు చూపించే పనిలో పడ్డాను. తెల్ల చొక్కా, మోటారు సైకిలు, రెండు సెల్‌ఫోన్లు. శంషాబాదులో చిన్న ఇల్లు కూడా కట్టుకున్నాను. ఆ రోజుల్లో చొక్కా కింద నడుము దగ్గర కాస్త ఎత్తుగా కనపడే బ్రోకరుకు కుర్చీ ముందు పడేది, చాయ్ ముందు వచ్చేది. ఆ ఎత్తు మీద నా కన్ను పడింది.

ఒక సాయంత్రం కందుకూరు నుంచి ఒకరి అడ్వాన్సు డబ్బు సంచి పట్టుకుని వస్తుంటే, దారిలో ఇద్దరు నా బండి ఆపి, సంచి లాక్కుని, రెండు చెంపలూ వాయించి పోయారు. పోలీసు కేసు పెట్టాను. ఆ కాగితం చూపించే లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాను. ఆత్మరక్షణ కోసమని రాశాను. అందులో సగం నిజం. మిగతా సగం ఆ కుర్చీ, ఆ చాయ్. విచారణలూ సంతకాలూ అన్నీ అయ్యి 2010లో లైసెన్సు చేతికొచ్చింది.

నగరంలో ఆయుధాలు అమ్మే దుకాణానికి వెళ్తే, అక్కడి అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"అన్నా, కొత్తదానికి జర ఆగాలె. సెకండ్ల కావాలంటే ఆరాంఘర్ దిక్కు ఒక పెద్దసారు ఉన్నడు. ఫారిన్ మాల్, పాయింట్ బత్తీస్ బోరు. మస్తుంటది. కానీ ఇప్పటికే ముగ్గుర్ని వాపస్ పంపిండు. ఇగ నీ నసీబు."

ముగ్గురిని తిప్పి పంపాడనగానే నాకు పంతం పట్టుకుంది. మర్నాడే వెళ్ళాను.

ఆరాంఘర్ చౌరస్తా వెనక ఒక గల్లీలో, రెండో అంతస్తు. తలుపు తీసిన పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. గడియ పట్టుకున్న కుడిచేయి వణుకుతోంది. ఆయనది కృష్ణా జిల్లా. అక్కడ ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో కూలీల జీతాలు బ్యాంకు నుంచి తెచ్చే బాధ్యత ఆయనదే కాబట్టి లైసెన్సు తీసుకున్నారట. తర్వాత హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. భార్య పోయారు. ఒక్కరే ఉంటున్నారు.

ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. బేరగాణ్ణి కదా, లోపం ఏదైనా ఉందేమోనని నా అనుమానం.

"లోపం దానిలో లేదండీ, నాలో ఉంది," అన్నారాయన. "చేయి వణుకుతోంది చూశారుగా. ఇంకా పెరుగుతుందన్నాడు డాక్టరు. ఇలాంటి చేతిలో ఉండాల్సిన వస్తువు కాదది. ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా మనమే వదిలేసుకోవాలి."

అంత మామూలుగా చెప్పారు. నేనైతే చేయి వణకడం లేదని అందరితోనూ కొట్లాడి ఉండేవాణ్ణి.

తర్వాత లోపలికెళ్ళి ఒక చెక్కపెట్టె తెచ్చారు. తెల్ల గుడ్డ విప్పారు. నా అరచేతి కంటే కొంచెం పెద్దది. నల్లగా, నీలం ఛాయతో, ఎక్కడా గీత లేదు. నా వయసంత పాతదని చెబితే నమ్మలేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా వెళ్తుందనీ, ఆ దెబ్బకు పైభాగం దానంతటదే వెనక్కి జరిగి, ఖాళీ తూటా తొడుగును బయటికి విసిరి, కింది డబ్బీలోంచి ఇంకో తూటాను పైకి తెచ్చుకుంటుందనీ చెప్పారు. ఆ పైభాగాన్ని స్లయిడ్ అంటారట. దాన్ని ఎడమచేత్తో వెనక్కి లాగి వదిలారు. వచ్చిన చప్పుడు ఎంత ముచ్చటగా ఉందంటే, ఇంకోసారి లాగమని అడిగాను.

ఆయన నవ్వి మళ్ళీ లాగారు. "ఎవరో మహానుభావుడు ఆలోచించాడండీ. ఒక్క స్ప్రింగు, నాలుగు ముక్కలు. ఇందులో అనవసరమైనదంటూ ఏదీ లేదు."

నేను చేయి చాచాను. ఆయన ఇవ్వలేదు.

"వచ్చే ఆదివారం మీ ఆవిడని తీసుకురండి. అప్పుడు మాట్లాడదాం."

నాకు ఒళ్ళు మండింది. మెట్లు దిగుతూ గొణుక్కున్నాను. పిస్తోలు కొనేది నేను, మధ్యలో ఆమెతో పనేంది? ఇంటికెళ్ళి ఇదే మాట అంటే నా భార్య పకపకా నవ్వింది. "ముగ్గుర్ని ఎందుకు పంపిండో ఇప్పుడు సమజైంది," అంది. ఆదివారం ఆమే నాకంటే ముందు తయారైంది.

పెద్దాయన ఆమెకు కుర్చీ వేసి, చాయ్ తానే పెట్టుకొచ్చారు. సగం చాయ్ సాసర్లో ఒలికింది. ఆయన సిగ్గుపడలేదు. కూర్చుని సూటిగా ఆమెనే అడిగారు.

"అమ్మా, ఈయనకి కోపం ఉందా?"

నేను ఆమె వైపు గుడ్లురిమి చూశాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"మస్తుంటది సార్. కోపమొస్తే మనిషి కానరాడు. కానీ ఎక్కువసేపు ఉండదు. పావుగంట. పావుగంట దాటిందంటే తనే వచ్చి అన్నం పెట్టుమంటడు."

పెళ్ళయిన పదిహేనేళ్ళలో నన్ను ఆమె గడియారం పెట్టి కొలుస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఇక బేరం పోయినట్టే అనుకుని లేవబోయాను. పెద్దాయన కూర్చోమన్నారు.

"కోపం లేదని చెప్పిన ముగ్గురినీ పంపించేశానండీ. కోపం లేని మనిషి ఉండడు. మీ ఆవిడ నిజం చెప్పింది, లెక్క కూడా చెప్పింది. అయితే ఒక షరతు. ఇది ఇంట్లో ఎప్పుడూ విడదీసే ఉండాలి. మూడు చోట్ల, మూడు తాళాలు. తాళాలు మూడూ ఈ అమ్మ దగ్గర. తీసి, కలిపి, తూటాలు ఎక్కించేసరికి పావుగంట దాటిపోవాలి. అవసరం అనుకున్న రోజు బయటికి తీసుకెళ్ళండి, రాగానే మళ్ళీ విడదీయండి. ఒప్పుకుంటే ఇస్తాను."

ఒప్పుకున్నాను. అప్పుడు నాకు ఆ చప్పుడు తప్ప ఇంకేమీ గుర్తులేదు.

కమిషనరేట్‌కు ఇద్దరం కలిసి తిరిగాం. అమ్మకానికి అనుమతి, ఆయన లైసెన్సులో కొట్టివేత, నా లైసెన్సులో నమోదు. ప్రతి కాగితం మీదా ఆయన సంతకం పెట్టేసరికి రెండు నిమిషాలు పట్టేది. కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కో అక్షరం పూర్తిగా రాసేవారు. పొడి సంతకం పెడితే చాలని గుమాస్తా విసుక్కున్నా ఆయన మాత్రం పూర్తిపేరే రాశారు. ఆఖరికి పిస్తోలు నా చేతికిస్తూ, తన వేలిముద్రలు గుడ్డతో తుడిచి మరీ ఇచ్చారు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. చూస్తే ఆయన, బస్సు దిగి నడిచి వచ్చారు. చేతిలో సంచి. అందులో పాత టూత్‌బ్రష్షు, సన్నని ఇత్తడి బ్రష్షు, మిషన్ ఆయిలు, పంచె చింపిన పేలికలు.

"అమ్మడం అయింది. అప్పగించడం కాలేదు," అన్నారు.

ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం వచ్చారు. నేల మీద తెల్ల గుడ్డ పరిచి, మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. మొదట తూటాల డబ్బీ బయటికి తీయాలి. తర్వాత స్లయిడ్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని కళ్ళతో చూడాలి. ఆ పైన చిటికెన వేలు పెట్టి చూడాలి. తాను ఇప్పుడే చూశానని చెప్పి ఇచ్చినా సరే, మళ్ళీ చూడాల్సిందే. ఒకసారి నేను వేలు పెట్టకుండా పని మొదలుపెడితే, గుడ్డ మడిచి, సంచి సర్దుకుని బస్టాపుకు వెళ్ళిపోయారు. వారమంతా నాకు అన్నం సయించలేదు.

మొదటిసారి నేను విప్పినప్పుడు స్ప్రింగు టప్పున ఎగిరి, నా భార్య బియ్యం చెరుగుతున్న చాటలో పడింది. ఆమె దాన్ని తీసి, బియ్యంలో రాయిలా పక్కకు పెట్టింది. పెద్దాయన పడీపడీ నవ్వారు. బొటనవేలు అడ్డం పెట్టి విప్పాలని నాకు ఐదు ఆదివారాలు చెప్పారు. ఆమెకు ఒక్కసారే చెప్పారు.

నూనె విషయంలో కూడా చీవాట్లు తిన్నాను. ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదని నా లెక్క. సగం సీసా ఒంపాను. ఆయన ఓపిగ్గా తుడిచి, సూది మొన మీద ఒక బొట్టు తీసుకుని స్లయిడ్ జారే గాడిలో పెట్టారు. అవతలి గాడిలో ఇంకో బొట్టు. అంతే. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి బురదవుతుందట. మొదటి వానాకాలం నేను షోకుగా తోలు పౌచు కొని, పైభాగాన్ని అందులో పెట్టి వారం రోజులు మరిచిపోయాను. తీసి చూస్తే మెంతిగింజంత తుప్పు మచ్చ. ఆయన ముఖంలో బాధ చూసి నాకు తల తీసేసినట్టయింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, నూనె గుడ్డతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రుద్దుతూనే ఉన్నారు. నేను చేస్తానంటే ఇవ్వలేదు. ఆ ఓపికలో పదో వంతు నాకు ఉంటే చాలనుకున్నాను.

దసరాకు నేను చేసిన ఘనకార్యం ఇంకోటి ఉంది. మా దగ్గర ఆ రోజు బండికీ, కొడవలికీ, ట్రాక్టరుకూ పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం. ఇంట్లో అసలైన ఆయుధమే ఉంటే ఊరుకుంటానా? కలిపి, నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా చిలకరించాను. వాకిట్లోకి పిలిచి మరీ నలుగురికీ చూపించాను. తర్వాతి ఆదివారం పెద్దాయన స్లయిడ్ లాగితే గరగరమంది. లోపల పసుపు ముద్ద. బంగారు రంగు స్ప్రింగును పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే కూర్చున్నారు. పసుపంతా పోవడానికి రెండు ఆదివారాలు పట్టింది.

"పూజ మానమనను," అన్నారు చివరికి. "మీ ఆచారం మీది. బొట్టు పెట్టెకి పెట్టండి."

మరుసటి ఏడాది నుంచి చెక్కపెట్టెకే పెట్టాం. ఆయన కూడా వచ్చి, మా అందరితో పాటు జమ్మి ఆకు తీసుకుని, మా చేతుల్లో పెట్టి వెళ్ళారు. ఊళ్ళో, టీవీల్లో అటువాళ్ళు ఇటువాళ్ళు అని మాటలు పెరుగుతున్న రోజులవి. ఆ మాటలు మా తెల్ల గుడ్డ దాకా రాలేదు.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తాను. మూడు తాళాల పద్ధతి మా ఇంట్లో బాగానే నడిచింది. కింది భాగం బీరువాలో, పైభాగం అటక మీది ట్రంకు పెట్టెలో, తూటాలు దేవుడి గూటి కింద సొరుగులో. మొదటిసారి అన్నీ తెచ్చి కలపడానికి నాకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. పెద్దాయన చేతి గడియారం చూసి చెప్పారు. తర్వాత అది మాకు ఆటయిపోయింది. ప్రతి ఆదివారం చివర్లో గడియారం తీసేవారు. పద్దెనిమిది. పదకొండు. ఏడు. "శభాష్! ఫ్యాక్టరీలో మీలాంటి ఫిట్టరు ఒక్కడుంటే సరిపోయేదండీ," అన్నారు ఒకరోజు. నన్ను అంతకుముందు ఎవరూ అలా మెచ్చుకోలేదు. బడిలో లేదు, పొలంలో లేదు. ఇంకా మెచ్చుకోవాలని మధ్య రోజుల్లో కూడా సాధన చేశాను. దానికి ప్రతిసారీ భార్యను తాళాలు అడగడం నామోషీ అనిపించి, చెప్పకుండా మూడింటికీ మారు తాళాలు చేయించుకున్నాను. 2014 వచ్చేసరికి నాలుగు నిమిషాలకు వచ్చాను. పావుగంట అడ్డుగోడను నా చేతులతో నేనే కూల్చేశాను. నాకు తట్టలేదు. నన్ను చూసి మురిసిపోతున్న ఆయనకూ తట్టలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో కొనడానికి వచ్చిన ఒక పార్టీకి నా రెండెకరాలు చూపిస్తున్నాను. వాళ్ళకు దారి కావాలి. దారికి ఆనుకుని ఉన్న పట్టె మా అన్న వాటా. దాన్ని కూడా నాదే అన్నట్టుగా చేయి తిప్పి చూపించాను. తర్వాత అన్నకు ఎలాగో నచ్చజెప్పుకుందామనుకున్నాను. అన్న అక్కడే మిరప చేలో ఉన్నాడు. వచ్చి, అందరి ముందరే అన్నాడు.

"గిది వీనిది కాదు సార్. వీడు బ్రోకరు, ఏదైనా చూపిస్తడు. రేపు మా అవ్వ సమాధి గూడ చూపిస్తడు."

వాళ్ళు నవ్వుకుంటూ కారెక్కి వెళ్ళిపోయారు. తప్పు నాదే. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. బండి తీసి ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఆ నవ్వే చెవుల్లో గింగురుమంది. ఇంట్లో నా భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బీరువా, అటక, సొరుగు. చేతులు వాటంతటవే పని చేశాయి. స్ప్రింగు ఎగరలేదు. బొటనవేలు దానంతటదే అడ్డం వెళ్ళింది. నాలుగు నిమిషాలు కూడా పట్టి ఉండదు. చొక్కా కింద నడుముకు దోపుకుని మళ్ళీ బండెక్కాను. మా ఇంటి నుంచి పొలానికి ఐదు నిమిషాల దారి.

ఏం చేద్దామని వెళ్ళానో ఎవరూ అడగలేదు. నన్ను నేనే ఎన్నోసార్లు అడుక్కున్నాను. భయపెడదామని వెళ్ళానని చెప్పుకోవచ్చు. కానీ భయపెట్టడానికి తూటాలు ఎందుకు ఎక్కించాను?

అన్న బోరు మోటారు పక్కన, వేపచెట్టు నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. నేను బండి పడేసినట్టుగా ఆపి గట్టు దాటాను. నా చేయి చొక్కా అంచు దగ్గరే ఉంది. తలెత్తి నన్ను చూశాడు.

"వచ్చినవారా? నువ్వొస్తవని ఎరికే. తిన్నవా?"

నేను రెండడుగుల దూరంలో ఆగాను.

"గంత మంది ముందర అనకపోదును. నోరు జారిన తమ్మీ. కూసో."

జొన్నరొట్టె రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా వైపు జరిపాడు. ఉల్లిగడ్డను గుద్ది పగలగొట్టి, సగం ఇచ్చాడు. నేను కూర్చున్నాను. కూర్చోగానే పిస్తోలు కడుపులో గుచ్చుకుంది. వంగి రొట్టె తుంచుకున్న ప్రతిసారీ గుచ్చుకుంది. అన్న వాన గురించి, మిరప తెగులు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నేను తల వంచుకుని తిన్నాను. కళ్ళలో నీళ్ళు వస్తే ఉల్లిగడ్డ ఘాటని అనుకున్నాడు. మా అన్న అంత మంచివాడని నాకు నలభై ఏళ్ళొచ్చాక, నడుముకు తూటాలతో కూర్చుని తెలుసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పెద్దాయన చెప్పులున్నాయి. పొలం దగ్గరి నుంచి వచ్చి మళ్ళీ అటే వెళ్ళిన నా బండి చప్పుడు విని, తెరిచి ఉన్న ట్రంకు పెట్టెను చూసి, గొడవ అన్నతోనే అని గ్రహించి నా భార్య ఆయనకు ఫోన్ చేసిందట. ఆయన ఉన్నపళంగా ఆటో మాట్లాడుకుని వచ్చేశారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఆమె లేచి నా చొక్కాను, చేతులను, ముఖాన్ని వెతికింది.

"అన్న ఎట్లున్నడు?" అంది.

"మంచిగున్నడు. రొట్టె పెట్టిండు."

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. పెద్దాయన తెల్ల గుడ్డ పరిచారు. నేను పిస్తోలు తీసి, డబ్బీ బయటికి లాగి, స్లయిడ్ వెనక్కి లాగాను. లోపలి తూటా గుడ్డ మీద పడి దొర్లింది. కళ్ళతో చూశాను, చిటికెన వేలు పెట్టి చూశాను. ఆయన ఆ తూటాను వేళ్ళతో పట్టుకోవాలని మూడుసార్లు ప్రయత్నించి, వదిలేశారు.

"తప్పు నాదేనండీ," అన్నారు. "పావుగంట పట్టాలని షరతు పెట్టింది నేనే. గడియారం పట్టుకుని మీకు తొందర నేర్పిందీ నేనే. పనిమంతుణ్ణి చూస్తే నాకు ఒళ్ళు తెలియదు. మీరు బాగా చేస్తుంటే, ఎందుకు మొదలుపెట్టామో మరిచిపోయాను. క్షమించమ్మా."

నన్ను చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన తన తప్పు తాను వెతుక్కుని, నా భార్యకు చేతులు జోడించారు. మారు తాళాలు చేయించుకున్న దొంగను నేను. సిగ్గుతో చచ్చిపోయాను. తాళాలు మూడూ తీసి గుడ్డ మీద పెట్టాను.

అప్పటికి ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలన్నీ పోలీస్ స్టేషన్‌లో జమచేసి, అయిపోయాక తిరిగి తెచ్చుకోవాలి. జమచేయాల్సిన వారంలో పిస్తోలును ఆఖరిసారి శుభ్రం చేశాను. తొందరపడలేదు. ఎవరూ గడియారం చూడలేదు. నీలం ఛాయ అలాగే మెరుస్తోంది. నా కోపంతో దానికి ఏ సంబంధమూ లేదు, అది అంత చక్కగా చేసిన వస్తువు. దాన్ని వదులుకోవడం బాధగానే అనిపించింది. మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్ళి, స్టేషన్‌లో ఒక పని ఉంది, తోడు రమ్మని అన్నను అడిగాను. ఏం పనని అడగకుండా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బండెక్కాడు.

స్టేషన్‌లో నాలాంటి వాళ్ళు పదిమంది వరుసలో ఉన్నారు. నా వంతు రాగానే స్టేషన్ రాతకోతలు చూసే రైటరు రసీదు పుస్తకం తీశాడు.

"ఎన్నికలైనంక ఈ రసీదు తెచ్చి తీస్కపో."

"నాకు వాపస్ వద్దు సార్. లైసెన్సు గూడ సరెండర్ చేస్తున్న. అర్జీ రాసి తెచ్చిన," అన్నాను.

ఆయన కాగితం చదివి, నా ముఖం చూసి, మళ్ళీ చదివాడు.

"గిట్లెవరన్న రాస్తరా? అవసరం లేదని రాయి, అయిపోతది. ఎందుకు నీకు పరేషాన్?"

"గట్లనే ఉండనియ్యుండ్రి సార్."

ఆయన భుజాలు ఎగరేసి, సాక్షి సంతకం ఒకటి కావాలన్నాడు. అన్న ముందుకు వచ్చి కాగితం తీసుకున్నాడు. ఏడో తరగతి చదువు. పెదాలు కదుపుతూ, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. నా కోపం నా అదుపులో ఉండదు, ఒకరోజు ఇంటి మనిషి మీదికి ఈ ఆయుధం తీసుకుని వెళ్ళాను, ఇది నా దగ్గర ఉండకూడదు అని రాసి ఉంది.

వేలు ఒక చోట ఆగింది.

"ఎవలి మీదికిరా?" అన్నాడు మెల్లగా.

వెనక వరుసలో వాళ్ళు వింటున్నారు. అయినా చెప్పాలి.

"నీ మీదికే అన్నా. రొట్టె పెట్టినవ్ సూడు, ఆనాడే."

అన్న వేలు మళ్ళీ మొదటి మాట మీద పెట్టి, కాగితం చివరిదాకా చదివాడు. రైటరు కలం ఇచ్చాడు. అన్న వంగి, తన పూర్తిపేరు, మా నాన్న పేరు, ఊరి పేరు రాసి, కింద సాక్షి అని రాసి సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక ఒక్కడే రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాడు. నేను బండి నెట్టుకుంటూ అన్న వెనకాలే నడిచాను. పిలవడానికి ధైర్యం చాలలేదు. పాల్మాకుల దారి మొదట్లో ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"బండి తియ్యి. ఎండయితున్నది."